ఇరవై నాలుగు గంటల క్యాను

ఇనుప గొట్టాలూ రేకు చుట్టలూ కదిలించే ఆ పెద్ద షెడ్డులో అందరూ ఆమెను పైనక్క అనేవారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగే క్రేనుకు ఒక అద్దాల గది వేలాడుతూ ఉంటుంది. నలభై రెండు మెట్లెక్కి అందులో కూర్చుంటే, పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఎత్తడం, దింపడం, మళ్లీ ఎత్తడం. పైనుంచి మనుషులు కనిపించరు, హెల్మెట్లు కనిపిస్తాయి. ఎవరి హెల్మెట్టు ఎలా నడుస్తుందో ఆమెకు కంఠతా వచ్చు.

ఆమెకు పని నేర్పిన ముసలి ఆపరేటరు మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "చూడమ్మా, క్రేను ఆగిందంటే కింద నలభై చేతులు ఆగిపోతాయి. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే ఉండాలి." కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ ఆయన చెప్పే మాటే అది. బూటు లేసులు సరిగ్గా కట్టుకోమని చెప్పినట్టు చెప్పి మర్చిపోయేవాడు. ఈమె మర్చిపోలేదు. ఎందుకంటే అదే రోజు మెట్ల దగ్గర ఎవరో ఇంకెవరితోనో అనడం ఆమె చెవిన పడింది. "ఆడమనిషి కదా, మాటిమాటికీ దిగుతుంది చూడు." ఆ షెడ్డులో క్రేనెక్కిన మొదటి ఆడమనిషి తనే. ఆ మాటన్నవాడి ముఖం ఆమె చూడలేదు. చూడని ముఖానికి సమాధానం చెప్పడానికి ఇరవై ఒక్క ఏళ్లు వెచ్చించింది. ఒక్క షిఫ్టులోనూ రెండింటికి షిఫ్టు ముగిసే మోత మోగకముందు మెట్లు దిగలేదు.

దిగకుండా ఉండాలంటే తాగకుండా ఉండాలి. లేచింది మొదలు గొంతులో చుక్క పడనిచ్చేది కాదు. షిఫ్టు అయ్యాక కుళాయి దగ్గర లీటరున్నర సీసా నింపుకుని, పెదవి తీయకుండా ఖాళీ చేసేది. సరుకుకు గొలుసులు కట్టి చేతి సైగలతో ఆమెకు దారి చూపించే కొక్కెం బాబాయి అది చూసి, "ఒంటె కూడా మధ్యలో ఊపిరి తీసుకుంటుందక్కా" అనేవాడు. ఆమెకు ఆ వేళాకోళం ఇష్టంగానే ఉండేది.

ఎనిమిది గంటలు కదలని ఉద్యోగం, ఆకలంతా దాచుకుని ఇంటికెళ్లి తినే తిండి, రెండూ కలిసి ఆమెను నూట పద్దెనిమిది కిలోలకు తెచ్చాయి. సీటు ఆమెను మోస్తోందో, ఆమె సీటును మోస్తోందో చెప్పడం కష్టమైంది. కాళ్లు నీరుపట్టాయి. మూత్రంలో సబ్బు కలిపినట్టు నురగ రావడం మొదలైంది. పరీక్షలు చేయించి కిడ్నీ డాక్టరు సూటిగా చెప్పాడు. కిడ్నీల్లో జల్లెడలుంటాయి, ఇంత ఒంటికి అవి రెండింతలు పనిచేస్తున్నాయి, అలిసిపోయి రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్‌ను బయటికి వదిలేస్తున్నాయి. బీపీ మాత్రలు మూడు అయ్యాయి, నాలుగోది వేసినా లాభం లేదు. బరువు తగ్గితేనే కిడ్నీలు నిలబడతాయి. తనంతట తను తగ్గడానికి ఆమె మూడేళ్లు ప్రయత్నించి ఆరు కిలోలు పెరిగింది కాబట్టి, ఆపరేషన్ ఒక్కటే దారి.

ఆపరేషన్ చేసి, కడుపును కోడిగుడ్డంత సంచిగా కుదించి, పేగును దారి మళ్లించారు. ఇంటికి పంపే ముందు డాక్టరు రెండు విషయాలు రెండుసార్లు చెప్పాడు. "ఇకనుంచి ఒక్కసారిగా తాగలేరు. గుటకా గుటకా రోజంతా తాగాలి, రెండున్నర లీటర్లు. కాల్షియం మాత్ర భోజనంతోనే నమలాలి. ఇలా దారి మళ్లించిన పేగులోంచి ఆక్సలేట్ అని ఒక ఉప్పు ఎక్కువగా రక్తంలోకి వస్తుంది. అది బయటికి పోవాల్సింది కిడ్నీల్లోంచే. నీళ్లు చాలకపోతే అక్కడే గడ్డకట్టి గరుకురాళ్లవుతుంది. కిడ్నీల కోసం చేయించుకున్న ఆపరేషన్, కిడ్నీల మీదికే రాకూడదు."

ఆమె తలూపింది. అర్థం కాక కాదు. మాత్ర ఒక్క పూట మానలేదు. ఇంట్లో ఉన్నంతసేపూ సీసా పక్కన పెట్టుకుని పాలపీకలాగా చప్పరిస్తూనే ఉంది. గడియారాలు బాగుచేసే మొగుడు, మాట పొదుపు మనిషి, ఆ సీసా మీద గంటకో గీత గీసి ఇచ్చాడు. అయితే ఆ గీతలన్నీ ఇంటికే. కేబిన్‌లో నీళ్లు తాగడమన్న ఊహ ఆమెకు రానేలేదు. రోజంతా అని డాక్టరన్న మాటలో ఆ ఎనిమిది గంటలు ఉన్నాయని ఆమె అనుకోలేదు. అవి షెడ్డువి. ఇరవై ఏళ్ల అలవాటు మనిషిని అడిగి చేయదు.

తిరిగి పనిలోకి వెళ్లిన మొదటి రోజు, రెండింటికి దిగి పాత పద్ధతిలో సీసా ఎత్తింది. నాలుగో గుటకకే అంతా వెనక్కి వచ్చింది. ఒంటె కడుపు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఇంటికి వెళ్లి పడుకునేలోగా ముప్పావు లీటరు ఎక్కించడమే గగనమైంది. పగలంతా ఎండిన కిడ్నీలకు రాత్రి చుక్కలు ఏ మూలకు వస్తాయి.

అయినా మొదటి ఆరు నెలలూ అంతా బంగారంలా నడిచింది. బరువు నలభై ఒక్క కిలోలు తగ్గింది. బీపీ మాత్రలు మూడు ఒకటయ్యాయి. మూత్రంలో నురగ పోయింది, ప్రొటీన్ లెక్క పదో వంతుకు పడిపోయింది. డాక్టరు తన దగ్గర నేర్చుకునేవాళ్లను పిలిచి మరీ ఆమె కాగితాలు చూపించాడు. ఆమె మెట్లు ఎక్కుతుంటే ఆయాసం రావడం లేదు. కొక్కెం బాబాయి కింద నిలబడి, "అక్కా, గాలి ఎక్కుతోందా, నువ్వెక్కుతున్నావా, చప్పుడే లేదు" అన్నాడు.

ఎనిమిదో నెలలో డాక్టరు ఒక పరీక్ష రాశాడు. ల్యాబులో ఐదు లీటర్ల క్యాను ఇచ్చారు. ఒక రోజు పొద్దున మొదటిది వదిలేసి, ఆ తర్వాత మర్నాడు పొద్దున మొదటిదాకా వచ్చిన మూత్రమంతా, చుక్క పోనీకుండా అందులో పట్టాలి. నీళ్లు ఎంత తాగుతోందో, ఆ ఉప్పు ఎంత పోతోందో అందులో తేలుతుంది. "మామూలు రోజున పట్టండి" అన్నాడు డాక్టరు.

క్యాను చూడగానే ఆమెకు గేటు దగ్గర కాపలావాళ్లు గుర్తొచ్చారు. దాన్ని చంకన పెట్టుకుని షెడ్డు గేటు దాటాలా. ఇదేంటమ్మా అని అడిగితే ఏం చెప్పాలి. ఆ తలనొప్పంతా ఎందుకని సెలవు రోజు చూసుకుంది. ఆ రోజు ఇంట్లోనే ఉండి, సీసా మీద గీత తప్పకుండా, పరీక్షకు చదివే పిల్లలాగా శ్రద్ధగా తాగింది. మర్నాటికి క్యాను సగం దాటింది. రెండు లీటర్ల ఆరువందలు. ఉప్పు కాస్త ఎక్కువే ఉన్నా, ఇన్ని నీళ్లలో దానివల్ల ముప్పు లేదని తేలింది.

"మీలాంటి పేషెంట్లు ఉంటే మాకు పనే ఉండదు" అన్నాడు డాక్టరు. ఆమె ఫస్టు క్లాసులో పాసైనట్టు ఇంటికి వచ్చింది. అబద్ధం ఆడానని ఆమెకు అనిపించలేదు. క్యాన్లోది నీళ్లు కలిపింది కాదు, పక్కింటివాళ్లది కాదు. తనదే.

పదకొండో నెలలో ఒక పొద్దున, తొమ్మిదిన్నరకు, కొక్కేనికి నాలుగు టన్నుల రేకు చుట్ట వేలాడుతుండగా ఆమెకు కుడి పక్కలో నొప్పి మొదలైంది. వెనకనుంచి ముందుకు, ముందునుంచి కిందికి మెలిపెట్టింది. కళ్ల ముందు హెల్మెట్లు రెండు రెండుగా కనిపించాయి. కింద బాబాయి అరచేయి నేలకు చూపించి మెల్లగా, మెల్లగా అంటున్నాడు. ఆమె చుట్టను చీమ నలగకుండా దింపింది. దింపి, మెట్ల వైపు ఒకసారి చూసి, తర్వాత చుట్టకు కొక్కెం పంపింది. రెండింటిదాకా పంపుతూనే ఉంది. పంటికింద కండువా కొస పెట్టుకుని చేసిన ఆ నాలుగున్నర గంటల పనిలో ఒక్క సరుకు కూడా అంగుళం పక్కకు పోలేదు. దిగేటప్పుడు మెట్లు లెక్కపెడుతూ దిగింది, కళ్లు తిరిగితే ఎన్నో మెట్టు మీద ఉన్నానో తెలియాలని.

ఆ సాయంత్రం గోధుమ గింజంత రాయి పడింది. ప్రాణం తేలికైంది. ఆమె ఆ సంగతి అక్కడితో తీరిపోయిందనుకుంది. రక్తపరీక్ష మాత్రం అలా అనలేదు. కిడ్నీలు ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే అంకె ఆపరేషన్‌కు ముందు డెబ్బై ఒకటి ఉండేది. ఇప్పుడు నలభై ఆరు.

డాక్టరు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. కండ తగ్గినవాళ్లకు ఆ అంకె ఒక్కోసారి తప్పు చూపిస్తుందని, దాన్ని ఇంకో పద్ధతిలో కూడా తీయించాడు. అదీ అదే చెప్పింది. "బరువు తగ్గింది. ప్రొటీన్ పోవడం ఆగింది. నీళ్లు రెండు లీటర్ల ఆరువందలు. మరి కిడ్నీ ఎందుకు పాడవుతోంది?" ఆ ప్రశ్న ఆమెను అడిగింది కాదు. ఆఖరికి, కిడ్నీలోకి సూది పంపి చిన్న ముక్క తీసి చూడాలన్నాడు. రక్తస్రావం కావచ్చు, అరుదుగానే, అయినా చెప్పడం నా ధర్మం అన్నాడు. "దానికి ముందు ఇంకొక్కసారి క్యాను పట్టండి. మామూలు రోజున."

ఆ సాయంత్రం ఆడపడుచు వచ్చింది. మందుల షాపులో పదిహేనేళ్లుగా పనిచేస్తోంది, సగం డాక్టరు. నోరు మాత్రం పూర్తి లాయరు. గుమ్మం పక్కనున్న క్యానును చూసి కూర్చుంది.

"పోయినసారి ఏ రోజు పట్టావు వదినా?"

"సెలవు రోజు."

"డాక్టరు సెలవు రోజని చెప్పాడా?"

"మామూలు రోజన్నాడు. దీన్ని మోసుకుని పనికెళ్లమంటావా? గేటు దగ్గర విప్పి చూపించమంటారు."

ఆడపడుచు క్యాను వైపు చెయ్యి చూపించింది. "ఎక్కితే దిగని దానివి. పొద్దున ఇంట్లో పోసి వెళ్తావు, మధ్యాహ్నం ఇంటికొచ్చి పోస్తావు. దీన్ని మోసుకెళ్లే పనేముంది నీకు?"

పైనక్క క్యాను వైపు తిరిగింది. నిజమే. పనిరోజున ఆ క్యాను గడప దాటాల్సిన అవసరమే లేదు. ఇంత చిన్న సంగతి ఇన్ని నెలలుగా తనకు తట్టలేదు. దాని వెనకే రెండో సంగతీ తట్టింది. తాగని ఎనిమిది గంటలు, పోయని ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు. ఆమెకు మొదటిసారి భయం వేసింది. ఆపరేషన్ బల్ల మీద కూడా అంత భయం వేయలేదు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు" అంది ఆడపడుచు. "ఇక్కడ మందు తప్పు కూడా కాదు. మందు బాగానే ఉంది."

మర్నాడు పనిరోజు. ఆమె ఏదీ మార్చలేదు, మార్చకూడదని ఆడపడుచు ఒట్టు పెట్టించుకుంది. ఎప్పటిలాగే ఎక్కింది, ఎప్పటిలాగే దిగింది. ఆ మర్నాటి పొద్దునకు క్యాను అడుగు మాత్రమే తడిసింది. టీ డికాక్షన్ రంగులో, ఐదువందల నలభై మిల్లీలీటర్లు. ల్యాబు అమ్మాయి క్యానెత్తి చూసి, కొంత పారబోశారా అని అడిగింది.

డాక్టరు రెండు రిపోర్టులూ బల్ల మీద పరిచాడు. "ఇవి రెండూ ఒకే మనిషివేనా?"

"ఒకే మనిషివేనండీ. మొదటిది సెలవు రోజుది."

"నేను మామూలు రోజు అన్నాను."

"సెలవు కూడా మామూలుగానే వస్తుంది కదండీ, వారానికొకటి."

అతను నవ్వలేదు, కోప్పడలేదు. ఫైలు ముందుకు తిప్పి మొదటి పేజీ చూశాడు. అందులో ఆమె ఉద్యోగం గురించి, కూర్చుని చేసే పని, అని ఉంది. అంతకుమించి ఎవరూ అడగలేదు. "మీరు ఏం పని చేస్తారు?" అని ఏడాది తర్వాత అడిగాడు. ఆమె చెప్పింది. మెట్లు, మోత, నలభై చేతులు, కుళాయి దగ్గర సీసా, అన్నీ.

"సూది ఇప్పుడే అక్కర్లేదు" అన్నాడు చివరకు. "ఏం జరిగిందో తెలుస్తూనే ఉంది. ఆపరేషన్ మీ కిడ్నీలకు మంచే చేసింది. ఆ మంచంతా మీరు పైన కూర్చుని ఖర్చుపెట్టేశారు. అడగకపోవడం నా తప్పు కూడా."

"పోయిన కిడ్నీ మళ్లీ వస్తుందా?"

"కొంచెం రావచ్చు. గట్టిపడిపోయిన భాగం రాదు. ఉన్నది మాత్రం నిలబెట్టుకోవచ్చు, గంట గంటకూ తాగితే. తాగితే, రెండు గంటలకోసారైనా దిగాలి. దిగలేని పనైతే ఆ పని మానేయాలి. ఇలాగే నడిస్తే ఐదారేళ్లలో వారానికి మూడు రోజులు డయాలసిస్ మిషను మీద పడుకోవాలి." పని మార్చమని కోరుతూ ఒక ఉత్తరం రాసి ఇచ్చాడు.

ఆమె ఆ ఉత్తరాన్ని రెండు రోజులు సంచిలో ఉంచుకుని తిరిగింది. క్రేను పోతే తను ఏమిటి. కింద స్టోర్సులో గదులు ఊడ్పిస్తారా, చీటీలు రాయిస్తారా. పైనక్క కింద కూర్చుంటే ఆ పేరు కూడా ఎవరూ పిలవరు. మూడో రోజు రెండు గంటలకు దిగి, ఫోర్‌మన్ గదికి వెళ్లి ఉత్తరం బల్ల మీద పెట్టింది. ఫోర్‌మన్ ఆరేళ్ల క్రితం వచ్చినవాడు, పెద్దగా మంచీ చెడూ లేని మనిషి. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"అర్థం కాలేదమ్మా. రెండు గంటలకోసారి దిగాలి, అందుకని క్రేను వద్దంటున్నారు. దిగొద్దని ఎవరన్నారు?"

"క్రేను ఆగితే కింద పని ఆగిపోతుంది కదండీ."

"ఆగుతుంది. పది నిమిషాలు. మధ్యాహ్నం షిఫ్టు ఆపరేటరు నాలుగుసార్లు దిగుతాడు. రెండుసార్లు టీకి, ఒకసారి సిగరెట్టుకి, ఒకసారి ఊరికే. రాత్రి వాడి సంగతి అడగొద్దు, వాడు ఎప్పుడు పైన ఉంటాడో మాకే తెలీదు. కిందవాళ్లు ఆ కాసేపు నడుం వాలుస్తారు. మీ షిఫ్టు అంటేనే వాళ్లకు గిట్టదు, అస్సలు ఊపిరి ఆడదని."

ఆ ఇద్దరు ఆపరేటర్లనూ ఆమె ఎన్నో ఏళ్లుగా ఎరుగును. కానీ ఎరిగింది పని మారేటప్పుడు మెట్ల దగ్గర రెండు మాటలే. వాళ్లు పైన ఉన్నప్పుడు తను షెడ్డులో ఎప్పుడూ లేదు. వాళ్లూ దిగరనే ఆమె అనుకుంది. ఎందుకనుకున్నానని ఇప్పుడు వెతికితే, కారణమంటూ ఏమీ దొరకలేదు.

"ఇరవై ఒక్క ఏళ్లలో నేను ఒక్కసారి కూడా మధ్యలో దిగలేదు. మీకు తెలుసు కదా" అంది.

ఫోర్‌మన్ కళ్లద్దాలు తీసి నిజాయితీగా ఆలోచించాడు. "గమనించలేదమ్మా" అన్నాడు.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అది ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ముసలి ఆపరేటరు పోయి పదేళ్లు దాటింది. మెట్ల దగ్గర ఆ మాటన్నవాడు ఎవడో, మర్నాటికి వాడికే గుర్తుందో లేదో. ఎదురుగా ఉన్న మనిషి ఏ పాపమూ ఎరగడు. డెబ్బై ఒకటిలోంచి నలభై ఆరు తీసేస్తే ఇరవై అయిదు. అంత కిడ్నీని, ఎవరూ చూడని దాని కోసం ఇచ్చేసింది. ఉత్తరం తిరిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది. క్రేను వదలనని చెప్పింది. ఫోర్‌మన్ మంచిదన్నాడు.

మర్నాడు నీళ్ల సీసాతో ఎక్కింది. ఏడున్నరకు క్రేను ఆపి, కొక్కెం ఖాళీగా పైకి లాగి, మెట్లు దిగి, ఆఫీసు వెనకున్న ఆడవాళ్ల గదికి షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకు నడిచింది. హెల్మెట్ల కింద ముఖాలున్నాయి. కొక్కెం బాబాయి ఒక్కడే కంగారుగా ఎదురొచ్చాడు.

"ఏమైందక్కా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. పోసుకోవడానికి దిగాను."

"అంతేనా" అని అతను రేకు చుట్ట మీద కూర్చున్నాడు.

ఆ షిఫ్టులో ఆమె ఐదుసార్లు దిగింది. ఐదోసారి అవసరం లేకపోయినా దిగింది.